ఒట్టార్ ఇంజిన్ వారం

స్కార్వోయ దీవిలో ఒట్టార్ పడవని మెచ్చుకోనివాళ్ళు లేరు. దాని ఇంజిన్ని కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

పడవ పేరు తేర్నా. రెండు కొనలూ కోసుగా ఉండే పాతకాలపు చెక్క పడవ. ఒట్టార్ దాన్ని కేబిన్ కూడా లేని బోసి పడవగా కొని, ఒక చలికాలమంతా షెడ్డులో కూర్చుని సొంత చేతుల్తో కేబిన్ కట్టాడు. భార్య రాగ్నా సాయంత్రాలు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని చూడ్డానికి వచ్చేది. "ఈ మూల చిన్న పొయ్యి ఉంటే ఎంత బావుంటుందో," అనేది. మళ్ళీ వచ్చేసరికి అక్కడ పొయ్యి ఉండేది. "కప్పులు పెట్టుకోడానికి ఒక అల్మారా?" అల్మారా వచ్చింది. "నడుం వాల్చడానికి ఒక బల్ల?" బల్లా వచ్చింది, దాని మీదికి ఆమె కుట్టిన నీలం దిండ్లూ వచ్చాయి. వసంతంలో పడవ నీళ్ళలోకి దిగింది. ఇంజిన్ డబడబా మోగింది. రేవులో జనం చప్పట్లు కొట్టారు. ఒట్టార్ చిన్ననాటి నేస్తం సివెర్ట్ లోపలంతా కలియదిరిగి బయటికొచ్చి, "అన్నీ భేషుగ్గా ఉన్నాయి గానీ, ఇంజిన్ మోత వినబడుతోంది, అది మాత్రం కనబడదేం?" అన్నాడు.

ఒట్టార్ మొహం అప్పుడు చూడాల్సింది.

ఇంజిన్ కేబిన్ నేల కింద ఉంది. నేల మీద బల్ల ఉంది. బల్ల పక్కన పొయ్యి, పొయ్యి పక్కన అల్మారా, అల్మారాకి ఆనుకుని లోపలికి దిగే మెట్లు. వంటిల్లంతా ఇంజిన్ నెత్తినెక్కి కూర్చుంది. ఏటా ఆయిల్ మార్చాలంటే ముందు కప్పులు సర్ది గట్టుకి మొయ్యాలి. దిండ్లు తియ్యాలి. బల్ల స్క్రూలు విప్పాలి. మెట్లు ఊడదియ్యాలి. నేల పలకలు లేపాలి. అప్పుడు బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, పొగ గొట్టానికి చెంప కాలకుండా ఎడం చెయ్యి చాపితే, ఆ చేతి వేళ్ళ చివర్లకి ఆయిల్ ఫిల్టరు తగిలీ తగలనట్టు తగిలేది. మొదటి సంవత్సరాల్లో ఈ తతంగానికి నిజంగానే వారం పట్టింది. ఆ వారమంతా ఒట్టార్ నోటి నుంచి వచ్చిన మాటలు రేవు దాటి చర్చి దాకా వినబడేవి.

అతనికి గొంతు పెద్దది. పెళ్ళికి ముందు మొదలుపెట్టి పింఛను వచ్చేదాకా ఫెర్రీ మీద తాళ్ళు విసురుతూ, కార్లని "ముందుకి! ఇంకొంచెం! ఆపు!" అని అరుస్తూ గడిపిన మనిషి. పని దొంగ అనడానికి లేదు. గాలివానలో కూడా తాడు గురితప్పకుండా విసిరేవాడు. కాకపోతే పని అయిపోయాక కూడా ఆ పని మధ్యలో ఉన్నట్టు కనబడటం అతనికి మహా ఇష్టం. ఫెర్రీ ఖాళీగా వస్తున్న రోజున కూడా డెక్కు మీద తాడు చుట్టలు చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ ఉండేవాడు. కెప్టెన్ దూరం నుంచి చూసి, "పాపం, ఒట్టార్‌కి కాలు నిలవదు," అనుకునేవాడు.

ఒక ఏడాది మే నెలలో, షెడ్డు ముందు గట్టుకి కట్టిన తేర్నాలో, ఒట్టార్ బూట్ల కోసం మెట్ల కిందున్న చిన్న అరలోకి తల దూర్చాడు. బూట్లు తియ్యగానే అర వెనక, కేబిన్ కట్టినప్పుడు తానే బిగించి మర్చిపోయిన పలక కనబడింది. ఊరికే, ఏం తోచక, దానికున్న రెండు స్క్రూలు విప్పాడు. పలక చేతిలోకి వచ్చేసింది. దాని వెనక, చెయ్యి చాపినంత దూరంలో, ఇంజిన్! ఆయిల్ కొలిచే పుల్ల, ఫిల్టరు, బెల్టు, సముద్రపు నీళ్ళు తోడే పంపు, అన్నీ పెళ్ళి ఫోటోలో చుట్టాల్లాగా వరసగా ఇటే తిరిగి నుంచున్నాయి. ఒట్టార్ ఇంజిన్ని కాసేపు నడిపి వేడెక్కించి, చేతి పంపుతో పాత ఆయిల్ తోడేసి, కొత్తది పోసి, ఫిల్టరు మార్చి, బెల్టు బిగించి, పలక పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. అంతకుముందు పోసుకున్న కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

ఆ కాఫీ తాగుతూ అతను చాలాసేపు ఆలోచించాడు. ఇంట్లో కిటికీలు కడగాలి. కంచెకి రంగు వెయ్యాలి. రాగ్నా చెల్లెలు మొగుడితో సహా రాబోతోంది, ఆ మొగుడికి తన మూత్రపిండాల్లో రాళ్ళ గురించి తప్ప ఇంకో కబురు లేదు. ఇక్కడేమో ఎండ షెడ్డు గోడ మీద పడుతోంది, లోపల పొయ్యి రాజుకుంటోంది, సివెర్ట్ పొగబెట్టిన చేప పట్టుకుని అదిగో వస్తున్నాడు.

"అయిందా పని?" అన్నాడు సివెర్ట్.

"వారం పడుతుంది," అన్నాడు ఒట్టార్.

అలా మొదలైంది.

స్కార్వోయలో ఒక మర్యాద ఉంది. ఇంజిన్ దగ్గర తల దూర్చిన మనిషిని ఎవరూ పిలవరు. ఫోనొచ్చినా, చుట్టమొచ్చినా, పాస్టరొచ్చినా సరే, "ఇంజిన్ దగ్గరున్నాడు" అంటే చాలు, అందరూ గొంతు తగ్గించి వెనక్కి వెళ్ళిపోతారు. ఒట్టార్ ఆ మర్యాదని పూర్తిగా వాడుకున్నాడు. ఏటా మే నెలలో ఒక వారం అతనూ సివెర్టూ షెడ్డులో పేకాడారు, చేపలు కాల్చుకున్నారు, రేడియో విన్నారు, నీలం దిండ్ల మీద చెరో పక్కా పడి గుర్రు పెట్టారు. ఇంటికి బయల్దేరే ముందు ఒట్టార్ పాత ఆయిల్ డబ్బాలో వేలు ముంచి చెంపకి ఒక చార, నుదుటికి ఒక చార పెట్టుకునేవాడు. మలుపు దగ్గర్నుంచి కుంటడం మొదలెట్టేవాడు.

రాగ్నా దారిలో కనబడితే హెచ్చరించే పని సివెర్ట్‌ది. షెడ్డు గుమ్మంలో కూర్చుని చర్చి పాట ఈల వేసేవాడు. ఆ ఈల వినగానే ఒట్టార్ పేకముక్కలు గొనె కింద దాచి, పడవలోకి ఉరికి, కేబిన్ గుమ్మంలోంచి కాళ్ళు మాత్రం కనబడేట్టు బోర్లా పడుకుని, స్పానరుతో దేన్నో ఒకదాన్ని మోదుతూ తిట్ల దండకం ఎత్తుకునేవాడు. రాగ్నా వాఫెల్ రొట్టెలూ గోధుమరంగు జున్నూ ఉన్న బుట్ట గట్టు మీద పెట్టి, ఆ కాళ్ళ వైపు జాలిగా చూసి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయేది. ఒకసారి ఇంటి దగ్గర మొగుడితో అంది కూడా. "సివెర్ట్‌లో మంచి మార్పు వచ్చింది. ఈమధ్య ఎప్పుడు చూసినా దేవుడి పాటే."

ఒట్టార్ చేప ఉండ గొంతుకి అడ్డంపడి దగ్గాడు.

అతనికి డెబ్భై నిండిన ఏడాది ఈ ఏర్పాటుకి గండి పడింది. ఆ మే నెలలో మొదటిరోజే ఒట్టార్ కుంటడం కాస్త ఎక్కువ చేశాడు. రాగ్నా అది చూసింది. తనకి పొయ్యి కావాలనీ, అల్మారా కావాలనీ అడగబట్టేగా ఈ మనిషికి ఇంత అవస్థ అనుకుంది. తెల్లారగానే తన పెదనాన్న కొడుకు, వడ్రంగి హల్వర్ని పిలిచి, కేబిన్ నేలకి ఒంటి వేలితో లేపగలిగే పెద్ద తలుపు కొయ్యమని పురమాయించింది.

ఒట్టార్ పేకముక్కలు పంచుతుండగా షెడ్డు గుమ్మంలో హల్వర్ ప్రత్యక్షమయ్యాడు, రంపంతో సహా. రాగ్నాకి తప్ప ఇంకెవరికీ సివెర్ట్ ఈల వేసే అలవాటు లేదు.

"ఇంజిన్ దగ్గరున్నావనుకున్నానే!" అన్నాడు హల్వర్, పేకముక్కలని చూస్తూ.

"ఇప్పుడే పైకొచ్చా. ఊపిరి తీసుకోవద్దూ? ఆ రంపం దేనికి?"

"నీ కష్టాలు తీర్చడానికి. రాగ్నా పంపింది. నేల మధ్యలో ఇంత తలుపు కోసేస్తా. ఇక నీకు వారం అక్కర్లేదు, ఒక పూట చాలు."

ఒట్టార్ పేకముక్కలు చేతిలోంచి జారిపోయాయి. "కొయ్యకూడదు! దూలం... దూలం బలహీనపడిపోతుంది!"

"ఏ దూలం?"

"అదే... మధ్యది."

"మధ్యలో దూలమే లేదయ్యా బాబూ. నువ్వు కేబిన్ కట్టేటప్పుడు చెక్క నా దగ్గరే కొన్నావు, నాకు తెలీదా?" హల్వర్ పడవలోకి అడుగేసి రంపం బల్లకి ఆనించాడు. దిండు ఒకటి తీసి పక్కన పడేశాడు. ఒట్టార్ వెనకాలే దూకి రంపం పట్టుకున్నాడు. కాసేపు ఇద్దరు పెద్దమనుషులు ఆ ఇరుకులో ఒక రంపం కోసం పెనుగులాడారు. పొయ్యి మీది కెటిల్ దొర్లి పడింది.

"వదులు, హల్వర్! వదిలితే ఒకటి చూపిస్తా!"

చూపించాడు. బూట్లు తీశాడు, పలక తీశాడు, పక్కకి తప్పుకున్నాడు. హల్వర్ వంగి లోపలికి చూశాడు. ఇంజిన్ని చూశాడు, పలకని చూశాడు, ఒట్టార్ చెంప మీది ఆయిల్ చారని చూశాడు. ఆ తర్వాత మెట్ల మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. 

"ఎన్నేళ్ళనించి?"

"ఎందుకులే."

"రాగ్నాతో చెప్పనా?"

"చెబితే నీకేం వస్తుంది?" సివెర్ట్ గుమ్మంలోంచి అందుకున్నాడు. "చెప్పకపోతే మూడో కుర్చీ ఉంది. ఇద్దరం ఆడి ఆడి మాకూ విసుగ్గానే ఉంది."

హల్వర్ రంపాన్ని గోడకి తగిలించి ముక్కలు కలపమన్నాడు. ఆ సాయంత్రం రాగ్నా దగ్గరికి వెళ్ళి తల అడ్డంగా ఊపాడు. "చాలా చిక్కు పని, రాగ్నా. దూలాలున్నాయి. నేనూ ఒట్టార్‌కి తోడుండాలి. రెండు వారాలనుకో."

రాగ్నా తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కవరు చేతికిస్తే లోపల ఉన్నది శుభవార్తో కాదో బరువు చూసి చెప్పేది. మగాళ్ళు ముగ్గురూ అంత కష్టపడుతుంటే తాను ఊరికే ఉండటం బాగోలేదనిపించి, ఒకరోజు పెందలాడే షెడ్డుకి వెళ్ళింది, కనీసం కప్పులూ గిన్నెలూ తీసి వాళ్ళ పని తేలిక చేద్దామని. షెడ్డులో ఎవరూ లేరు. ముగ్గురూ సివెర్ట్ చిన్న పడవేసుకుని వలలు తియ్యడానికి వెళ్ళారు. షెడ్డు మూలనున్న బల్ల మీద పేకముక్కలు మాత్రం ఎవరి వాటా వాళ్ళకి బోర్లించి ఉన్నాయి.

రాగ్నా తేర్నాలోకి దిగింది. దిండ్లు తీసింది. బల్ల విప్పుదామని స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగింది. స్క్రూల గాట్లలో వార్నిష్ నిండుగా, నున్నగా గడ్డకట్టి ఉంది. ఆ వార్నిష్ తన చేత్తో తానే వేసింది. అది ఎప్పుడో, తమ పెళ్ళిరోజుకి ఇద్దరూ పడవలో దక్షిణానికి వెళ్ళిన ఏడాది. అప్పట్నుంచీ ఆ స్క్రూలని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి చుట్టూ చూసింది. తొందరపడలేదు. మెట్ల కింద అర తలుపు వారగా తెరిచి ఉంది. బూట్లు బయటే ఉన్నాయి. వెనక పలకకి రెండు స్క్రూలు, వాడి వాడి తళతళా మెరుస్తున్నాయి.

పలక తియ్యగానే ఇంజిన్ కనబడింది. ఆయిల్ పుల్ల లాగి చూసింది. ఆయిల్ తేనెలా తేటగా ఉంది. 

ఆమె పలక యథాస్థానంలో పెట్టింది. దిండ్లు సర్దింది. వెళ్ళే ముందు పేకముక్కలు తిప్పి చూసింది. ఒట్టార్ వాటాలోంచి రాణిని తీసి హల్వర్ వాటాలోకి మార్చి, ఇంటికి నడిచింది.

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె ఒట్టార్ కంచంలో బంగాళాదుంపలు కొసరి కొసరి వడ్డించింది. "మహిళా సంఘంలో నీ సంగతి చెప్పాను," అంది. "అందరూ కదిలిపోయారు. పెట్రా అయితే కళ్ళు తుడుచుకుంది. రేపట్నుంచి మేమంతా అల్లిక సామాను తెచ్చుకుని అక్కడే గట్టు మీద కూర్చుంటాం. కాఫీ, వాఫెల్స్ అన్నీ మావే. నువ్వు ఒంటరిగా కష్టపడుతున్నాననుకోకూడదు."

"అబ్బే, మీకెందుకు శ్రమ..."

"నీ శ్రమ ముందు మాదెంత?"

మర్నాడు ఎండ ఎక్కకముందే షెడ్డు గోడ పొడుగునా ఆడవాళ్ళు కుర్చీలేసుకున్నారు. మధ్యలో పెట్రా. సంఘానికి పెద్ద ఆవిడే. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో పెద్ద చేపల పడవ మీద ఇంజిన్ పని చేసేవాడు. ఇంజిన్ గదిలోంచి ఏ చప్పుడొస్తే ఏ పనో ఆవిడకి కొట్టినపిండి.

ఒట్టార్ బోర్లా పడుకుని స్పానరుతో ఠంగుఠంగున మోదాడు.

"అదేం చప్పుడు?" పెట్రా సూదులు ఆపింది. "అది ఇంజిన్ చప్పుడు కాదే. కెటిల్ చప్పుడులా ఉంది."

సివెర్ట్ నవ్వు దాచుకుంటూ సముద్రం వైపు తిరిగాడు.

"బల్ల విప్పావా, ఒట్టార్?" రాగ్నా గొంతులో తేనె కారుతోంది. "ఏటా ముందు బల్లే కదా విప్పుతావు? తీసి ఇటు గట్టు మీదకి అందించండి, మేం తుడిచిపెడతాం."

ఇక గత్యంతరం లేదు. ఒట్టార్ గడ్డకట్టిన వార్నిష్ని ఉలితో గీరాడు. స్క్రూలు కీచుమంటూ, సణుగుతూ, అంగుళం అంగుళం బయటికొచ్చాయి. ఒకదాని తల విరిగింది. బల్ల గట్టెక్కింది. అల్మారా గట్టెక్కింది. హల్వర్ మెట్లు మోస్తూ నడుం పట్టేసి అక్కడే వంగిపోయాడు. ఆడవాళ్ళు అతనికో కుర్చీ, ఓ ఊలు ఉండ ఇచ్చి దారం చుట్టమన్నారు. మధ్యాహ్నం దాటాక నేల పలకలు లేచాయి. ఒట్టార్ తల కిందికి వేలాడేసి, పొట్ట పలకల అంచుకి నొక్కుకుంటుంటే, ఏళ్ళ తర్వాత మొదటిసారి నిజంగా తిట్టాడు.

"ఆ! ఇప్పుడు సరైన చప్పుడొస్తోంది," అంది పెట్రా తృప్తిగా. "మా ఆయనా సరిగ్గా ఇలాగే తిట్టేవాడు."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలో ఒట్టార్ గొంతు హఠాత్తుగా ఆగిపోయింది.

అర పలకలోంచి చూస్తే ఇంజిన్ ఒక పక్కే కనబడుతుంది. ఇప్పుడతను అవతలి పక్క చూస్తున్నాడు. ఇంజిన్ని పడవ అడుగుకి పట్టి ఉంచే కాళ్ళలో వెనకది, బయట నీళ్ళలో పంకా తిప్పే కడ్డీ పక్కనున్నది, ఉప్పునీళ్ళు చుక్క చుక్క పడి ఎర్రగా పెచ్చులు రేగి ఉంది. బోల్టు మీద వేలు పెట్టాడు. అది మట్టిలా రాలి చేతిలోకి వచ్చింది. కిందటి శరదృతువులో లైట్‌హౌస్ దాటి, అల ఎత్తుగా లేస్తున్న రోజున, రాగ్నాని ఎక్కించుకుని తాను వెళ్ళిన సంగతి గుర్తొచ్చింది. ఆమె ఆ రోజు పాడుతూ కూర్చుంది. అటు ఇంకో కాలు ఊడి ఉంటే ఇంజిన్ ఒరిగి, కడ్డీ వంగి, పడవ అడుగున బొక్క పడేది.

"ఏమైంది, తిట్లు అయిపోయాయా?" అంది పెట్రా.

"లేదు," అన్నాడు ఒట్టార్. ఆ గొంతు అతనిది కానట్టు చిన్నగా వచ్చింది. "కాస్త... వెలుతురు చాల్లేదు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ అతను కుంటలేదు. మొహాన నిజమైన నల్లటి మడ్డి ఉంది, దాన్ని తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. రాగ్నా తువ్వాలు ఇచ్చింది. అతను తువ్వాలు తీసుకోకుండా, తుప్పు బోల్టు ముక్కని వంటింటి బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి?"

"ఇంజిన్ కాలు. అటు పక్కది. నేను..." ఒట్టార్ కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. "నేను చాలా ఏళ్ళుగా అటు పక్క చూళ్ళేదు, రాగ్నా. బూట్ల అర వెనక..."

"పలక ఉంది. రెండు స్క్రూలు. తెలుసు."

అతను ఆమెని తేరిపార చూశాడు. ఆమె పెదవుల చివర ఏదో అదురుతోంది, కోపమో నవ్వో అతనికి అంతుపట్టలేదు.

"ఎప్పట్నుంచి?"

"మీరు వలలకి వెళ్ళిన రోజునుంచి. నీ రాణి హల్వర్ దగ్గరకి ఎలా వెళ్ళిందనుకున్నావు?" ఆమె నవ్వుతూనే బోల్టు ముక్కని వేళ్ళతో నలిపింది. ఎర్రపొడి రాలింది. నవ్వు ఆగిపోయింది. "దీని మీదేనా మనం పోయినేడు లైట్‌హౌస్ దాటి వెళ్ళింది?"

"దీని మీదే."

రాగ్నా అతని నెత్తిన తువ్వాలు పడేసి, చిన్నపిల్లాడికి రుద్దినట్టు బలంగా రుద్దింది. అంత బలం అవసరం లేదు.

కొత్త బోల్టు తెచ్చి బిగించడానికి, ఉప్పునీళ్ళు కారే చోట కడ్డీ చుట్టూ కొత్త గ్రీజు తాడు చుట్టడానికి, ఇంజిన్ కాలు కింద పాడైన దిమ్మ చెక్క మార్చడానికి ఆ వారం మిగిలిన రోజులన్నీ నిజంగానే పట్టాయి. ఒట్టార్ చెయ్యి ఆ మూలకి వెళ్ళలేదు, లావు చెయ్యి. సివెర్ట్‌ది పొట్టి చెయ్యి. హల్వర్ ఇంకా ఊలు చుడుతున్నాడు. చివరికి రాగ్నా అల్లిక పక్కన పడేసి, చొక్కా చేతులు మడిచి, ఒట్టార్ అద్దం పట్టుకుంటే ఆ అద్దంలో చూస్తూ బోల్టు బిగించింది. పైకి లేచేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఇందులో ఇంత సరదా ఉందని చెప్పలేదేం?" అంది.

హల్వర్ నేలకి తలుపు కోశాడు. రాగ్నా వదల్లేదు. ఇప్పుడు ఇంజిన్ నాలుగు కాళ్ళూ ఒక్క చూపులో కనబడతాయి.

మరుసటి మే నెల వచ్చేసరికి ఆమె కాఫీ తాగుతూ తీరిగ్గా చెప్పింది. "ఈ ఏడు ఇంజిన్ పని నాది. నీ నడుం బాగోలేదు కదా, ఏళ్ళుగా కుంటుతున్నావు. చెల్లెలూ వాళ్ళాయనా బుధవారం దిగుతున్నారు, నువ్వు చూసుకో. కిటికీలు దక్షిణం వైపువి ముందు కడుగు."

"తలుపు ఉందిగా ఇప్పుడు? పూటలో అయిపోతుంది!"

"ఏమో, నాకు కొత్త కదా," అంది రాగ్నా. "వారం పడుతుందేమో."

ఒట్టార్ నిచ్చెన మీద నిలబడి కిటికీలు కడిగాడు. కింద గడ్డిలో కుర్చీ వేసుకుని తోడల్లుడు మూత్రపిండాల్లో రాళ్ళ గురించి మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. రేవు వైపు నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినబడ్డాయి. వాటి మధ్యలో సివెర్ట్ నవ్వు కూడా ఉందని ఒట్టార్ గుర్తుపట్టాడు. గుడ్డని బకెట్లో పిండి, నిచ్చెన దిగి, తోడల్లుడి మాట మధ్యలోనే కంచె దాకా వెళ్ళి తొంగిచూశాడు. పెట్రా ముక్కలు పంచుతోంది.

జూన్‌లో ఒక వెచ్చని రోజున ఇద్దరూ తేర్నాలో మాకరెల్ చేపలకి బయల్దేరారు. చుక్కాని రాగ్నా పట్టుకుంది. లైట్‌హౌస్ దాటాక ఇంజిన్ వేగం తగ్గించి, చెవి రిక్కించి కాసేపు వింది. బెల్టు కొంచెం వదులైందేమో, తిరిగి వెళ్ళాక చూస్తానంది. ఒట్టార్ నాకేం వినబడలేదన్నాడు. సరిగ్గా అప్పుడే అతని దారం ఝుమ్మని లాగింది.

"కాఫీ కప్పు కింద పెట్టు! లాగు!" అని రాగ్నా అరిచింది. ఆమె గొంతు కూడా చిన్నదేం కాదు. ఒట్టార్ కప్పు కింద పెట్టి రెండు చేతులా దారం లాగడం మొదలెట్టాడు.